సైలోల కంట్రోల్ ప్యానెల్ మార్పించాం: 15 నెలల తర్వాత నా మాట

పోయిన ఏడాది మార్చిలో మా ఫీడ్ మిల్లు (కోళ్ల దాణా మిల్లు) సైలోల కంట్రోల్ ప్యానెల్ మొత్తం మార్పించాం. సైలోలంటే మొక్కజొన్న నిల్వ చేసే పెద్ద స్టీలు గాదెలు. అప్పటి నుంచి తెలిసిన మిల్లుల వాళ్లు ఫోన్ చేసి "ఎంతయింది, ఎవరు చేశారు, బాగుందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. పని చేసిన కంపెనీ పేరు మాత్రం రాయను. వాళ్లు చేసిన మంచి పనులతో పాటు నాకు ఒళ్లు మండించినవీ ఇందులో ఉన్నాయి, అందులో చాలావరకు తర్వాత సరిచేశారు కూడా. పేరు లేకపోయినా ఎవరినైనా పిలిచే ముందు ఏం అడగాలో మీకు తెలిస్తే చాలు.

మాది అనపర్తి చుట్టుపక్కల పౌల్ట్రీ ఊరు. 2006లో కట్టిన నాలుగు స్టీలు సైలోలు, ఒక్కొక్కటి వెయ్యి టన్నులు. మా దాణా తినే కోళ్లు ఎనిమిది లక్షల దాకా ఉంటాయి. గుడ్లు పెట్టే కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది, అందులో సగానికి పైగా మొక్కజొన్నే. అంటే రోజుకు 50 టన్నుల మొక్కజొన్న సైలోల నుంచి మిల్లుకు వెళ్లాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ప్యానెల్ ఆగిందని కోడికి చెప్పలేం.

పాత ప్యానెల్ నాలుగు బీరువాలు పక్కపక్కన నిలబెట్టినట్టుండేది. లోపల రిలేలు, కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), టైమర్లు. బయట రేకు మీద ప్లాంటు బొమ్మ గీసి, ప్రతి మోటారుకూ ఒక బల్బు. పచ్చ వెలిగితే నడుస్తున్నట్టు, ఎర్ర వెలిగితే ట్రిప్పయినట్టు. మేం మార్చే నాటికి సగం బల్బులు పోయాయి. మిగిలిన సగం నిజం చెబుతున్నాయో లేదో మా బాబాయ్‌కి ఒక్కడికే తెలుసు. బాబాయ్ అంటే నా చుట్టం కాదు, మా ప్యానెల్ ఆపరేటర్. ప్లాంటు పెట్టిన రోజు నుంచి ఉన్నాడు, ఊరంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. ఎలివేటర్ (బెల్టుతో గింజను పైకెత్తే యంత్రం) లెగ్, అంటే దాని నిలువు గొట్టం మీద అరచెయ్యి పెట్టి "లోడు ఎక్కువైంది, గేటు కొంచెం మూయండి" అని చెప్పగలడు. ఇరవై ఏళ్ల నుంచి మా ఆటోమేషన్ ఆయనే.

మార్చక తప్పదని తేలింది ఒక మే నెల రాత్రి. రబీ మొక్కజొన్న లారీలు గేటు బయట వరసగా ఉన్నాయి. మూడో సైలో నిండింది. నిండినప్పుడు లైను ఆపాల్సిన లెవల్ స్విచ్‌కి అది లైను ఆపకుండా ఎప్పుడో ఎవరో వైరుతో లూప్ కొట్టేశారు, తరచూ ఊరికే ఆపేస్తోందని. సైలో పైదాకా నిండి, చూట్ (గింజ జారే గొట్టం) పూడి, గింజ వెనక్కి మళ్లి ఎలివేటర్ బూట్‌లో, అంటే దాని అడుగు భాగంలో కూరుకుపోయింది. పైన డ్రమ్ము తిరుగుతోంది, బెల్టు మాత్రం కదలడం లేదు. రబ్బరు కాలిన వాసన వచ్చి బాబాయ్ పరుగెత్తి మెయిన్ ఆపాడు. బల్బు అప్పటికీ పచ్చగానే వెలుగుతోంది. మోటారు తిరుగుతోంది కదా మరి.

ఆ వాసన విలువేంటో నాకు తర్వాత చదివితే అర్థమైంది. గింజల దుమ్ము గాల్లో తేలుతూ ఉండి, ఒక వేడెక్కిన బేరింగో జారే బెల్టో దొరికితే మందుగుండులా పేలుతుంది. 1977 డిసెంబరు 22న అమెరికాలో లూసియానా రాష్ట్రం వెస్ట్‌వీగోలో ఒక ధాన్యం ఎలివేటర్ (అక్కడ సైలోలున్న గిడ్డంగి మొత్తాన్నీ ఇలాగే అంటారు) పేలి 36 మంది చనిపోయారు. ఐదు రోజులకే టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో ఇంకొకటి పేలింది. పదేళ్ల తర్వాత, 1987లో, అమెరికావాళ్లు ధాన్యం ప్లాంట్లకు ప్రత్యేకంగా భద్రతా నియమాలు తెచ్చారు. ఎలివేటర్ బెల్టు వేగం మామూలు కంటే 20 శాతం తగ్గేలోపే యంత్రం దానంతటదే ఆగిపోవాలన్నది అందులో ఒకటి. మా మిల్లుకు ఆ చట్టం వర్తించదు గానీ భౌతికశాస్త్రం వర్తిస్తుంది కదా. కొత్త ప్యానెల్ ఒప్పందంలో నేను పెన్నుతో రాయించిన మొదటి వాక్యం ఆ 20 శాతమే.

కొటేషన్లకు ముగ్గురిని పిలిచాం. మొదటివాళ్లు ప్లాంటులో గంటసేపు తిరిగి, కాఫీ తాగి, "మొత్తం తీసి పారేద్దాం సార్" అన్నారు. రెండోవాళ్లు ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నారు, కొటేషన్ కూడా వాట్సాప్‌లోనే వచ్చింది. మూడోవాళ్లు విశాఖపట్నం నుంచి ఇద్దరు వచ్చి, రెండు రోజులు ప్యానెల్ తలుపులు తీసి, ఒక్కో వైరూ పట్టుకుని ఎక్కడికి వెళ్తోందో రాసుకున్నారు. 2006 నాటి డ్రాయింగ్‌కూ లోపలున్న దానికీ పోలిక లేదు. 11 చోట్ల బైపాస్ లూపులు దొరికాయి. వాటిలో రెండు నేను ఎలక్ట్రీషియన్‌గా ఉన్నప్పుడు నా చేత్తో వేసినవే. ఎర్ర వైరు చూడగానే గుర్తుపట్టాను, నోరు మూసుకున్నాను. పని వాళ్లకే ఇచ్చాం. ధర ముగ్గురిలోనూ మధ్యది: 38 లక్షలు, జీఎస్టీ వేరు.

మోటార్లు, కన్వేయర్లు, ఎలివేటర్లు పాతవే ఉంచారు. మంచి స్టార్టర్లు కూడా ఉంచారు. కొత్తగా వచ్చినవి పీఎల్‌సీ (ప్లాంటును నడిపే చిన్న కంప్యూటర్), రెండు స్క్రీన్లు, డంప్ పిట్ (లారీ సరుకు పోసే గుంట) కింద కన్వేయర్‌కూ, సైలోల నుంచి గింజ బయటికి తెచ్చే డిశ్చార్జ్ కన్వేయర్లకూ వీఎఫ్‌డీలు (మోటారు వేగం మార్చేవి), సైలోల్లో వేలాడే టెంపరేచర్ కేబుళ్లు, ఇక సెన్సర్లు. డబ్బు ఎక్కువ తిన్నది స్క్రీన్ కాదు, సెన్సర్లూ వాటి కేబులింగూ. ఖర్చు తగ్గించుకోవాలనిపిస్తే స్క్రీన్ చిన్నది తీసుకోండి, సెన్సర్లలో మాత్రం బేరం ఆడొద్దు.

ప్రతి ఎలివేటర్ కింద టెయిల్ పుల్లీ షాఫ్ట్‌కి (బెల్టు తిరిగే అడుగు చక్రం ఇరుసుకి) ఒక స్పీడు సెన్సర్ పెట్టారు. మోటారు దగ్గర కాదు, కింద. పైన మోటారు తిరిగితే తిరగనీ, కింద బెల్టు కదిలితేనే అది నడుస్తున్నట్టు. ఆ రాత్రి మా పచ్చ బల్బు చెప్పిన అబద్ధానికి ఇదే మందు. బెల్టు పక్కకు ఒరిగితే పట్టే స్విచ్‌లు, బేరింగులకు ఉష్ణోగ్రత చూసేవి, చూట్ పూడితే చెప్పేవి అన్నీ వచ్చాయి. స్లైడ్ గేట్లకు రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు పెట్టారు. పాత ప్యానెల్‌లో గేటు తెరవమని బటన్ నొక్కితే తెరుచుకుందనే అనుకునేవాళ్లం. ఒకసారి ఆ నమ్మకంతో 17 శాతం తేమ ఉన్న కొత్త సరుకు వెళ్లి పాత ఎండు సరుకు మీద పడింది. ఇప్పుడు గేటు నిజంగా చివరిదాకా జరిగిందని స్విచ్ చెప్పేదాకా కన్వేయర్ కదలదు.

లైను స్టార్ట్ చేసే వరస కూడా ఇప్పుడు పీఎల్‌సీయే చూసుకుంటుంది. గింజ చివరికి చేరే చోటు ముందు తిరగాలి, గింజ బయల్దేరే చోటు ఆఖరున. బియ్యం వంచే ముందు కింద గిన్నె పెట్టుకున్నట్టే. ఆగేటప్పుడు దీనికి ఉల్టా. మధ్యలో ఏదైనా ఆగితే దానికి వెనకున్నవన్నీ వెంటనే ఆగిపోతాయి, ముందున్నవి ఖాళీ అయ్యేదాకా తిరుగుతాయి. చెప్పడానికి ఇంతే. పాత రిలేల్లో ఇది సగమే ఉండేది, మిగతా సగం బాబాయ్ బుర్రలో.

మార్పిడి రోజులు తొమ్మిది. సరుకు అడుగంటే మార్చి నెలనే ఎంచుకున్నాం, ఒకటీ నాలుగూ సైలోలు పూర్తిగా ఖాళీ. మొదట ఆ రెండింటిని కొత్త ప్యానెల్‌కి మార్చి, నడిపి చూసి, అప్పుడు రెండూ మూడూ ముట్టుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ మిల్లుకు కావాల్సిన మొక్కజొన్న గోనె సంచుల్లో తెప్పించి హమాలీల చేత పోయించాం. ఐదు రోజులన్నారు, తొమ్మిదయింది. హమాలీ ఖర్చు మాదే. మీరు ఎవరితోనైనా మాట్లాడుకునేటప్పుడు వాళ్లు చెప్పిన రోజులకు రెట్టింపు లెక్కవేసుకోండి, అదనపు రోజుల ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

మొదటి వారం నరకం. రోజుకు మూడు వందలకు పైగా అలారాలు. గేటు తెరిచినా అలారం, మూసినా అలారం, దాణా మిల్లు భోజనానికి ఆగినా అలారం. హారన్ మోగీ మోగీ మూడో రోజుకు ఎవరో దానికి గుడ్డ కట్టేశారు. అంటే మళ్లీ లూపు కొట్టడం మొదలైనట్టే. నాకు టెన్షన్ పట్టుకుంది. ప్రోగ్రాం రాసిన అమ్మాయిని కూర్చోబెట్టి, బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టి, ఒక్కో అలారం చదివించాను. "ఇది మోగితే మీరేం చేస్తారు తాతగారూ?" అని ఆ అమ్మాయి అడగడం, ఆయన "ఏం చేస్తానమ్మా, ఊరుకుంటాను" అనడం. ఊరుకుంటానన్నవన్నీ హారన్ నుంచి తీసేసి లాగ్‌లోకి (మోగకుండా రికార్డయ్యే జాబితాలోకి) మార్చింది. ఆఖరికి హారన్ మోగేవి 12 మిగిలాయి. నా లెక్కలో మొత్తం పనిలో అన్నిటికంటే పనికొచ్చిన పూట అదే, దానికి బిల్లులో పైసా లేదు.

స్క్రీన్ తెలుగులో కావాలన్నది మా షరతు. బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు, వచ్చినవాళ్లకు కూడా రాత్రి రెండు గంటలకు రాదు. సరేనన్నారు. మొదటిరోజు స్క్రీన్ వెలిగితే ఒత్తులన్నీ అక్షరాలు వదిలేసి పక్కన నిలబడ్డాయి. "స్టార్ట్" అన్నది ఎవరో ముక్కలు చేసి ఆరబెట్టినట్టుంది. ఆ స్క్రీన్‌కి తెలుగు అక్షరాలు కూర్చడం రాదట. వారం తర్వాత ఆ అమ్మాయి ఒక ఉపాయం పట్టింది: ప్రతి మాటనూ కంప్యూటర్‌లో బొమ్మగా తయారుచేసి అతికించింది. ఇప్పుడు "రెండో ఎలివేటర్ బెల్టు జారుతోంది, బూట్ చూడండి" అని చక్కగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే ఒక్క మాట మార్చాలన్నా వాళ్లకే ఫోన్ చేయాలి. మీరు తెలుగు స్క్రీన్ అడిగేట్టయితే డబ్బు కట్టే ముందే అదే మోడల్ స్క్రీన్ మీద ఒత్తులున్న మాటలు నాలుగు చూపించమనండి.

ఉష్ణోగ్రత కేబుళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సైలోకి ఐదు కేబుళ్లు, ఒక్కోదానికి ఎనిమిది చోట్ల సెన్సర్లు. గింజ వేడిని తొందరగా పోనివ్వదు. ఒకచోట పురుగో తేమో చేరి వేడెక్కితే మీటరు దూరంలోని సెన్సర్‌కి ఆ సంగతి రోజుల తర్వాత గానీ తెలియదు. అందుకే ఎంత వేడి ఉందన్నది కాదు, వేడి పెరుగుతోందా అన్నది చూడాలి. ఆగస్టులో మూడో సైలోలో నడిమి కేబుల్ పైనున్న రెండు సెన్సర్లు ఐదు రోజుల్లో మూడు డిగ్రీలు ఎక్కాయి. నేను సెన్సర్ తప్పనుకున్నాను. బాబాయ్ మాత్రం పైకెక్కి మ్యాన్‌హోల్ తీసి, వాసన చూసి దిగాడు. "ముక్కింది" అన్నాడు. రూఫ్ వెంట్ పక్కన సీలు పోయి వాన చుక్క దిగుతోంది. నడుమ నుంచి లాగి, నలభై టన్నులు వేరుచేసి, బూజు పట్టింది అమ్మేసి మిగతాది వేరే సైలోకి తిప్పాం. మొక్కజొన్న బూజంటే అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) భయం, కోళ్లకు అది వెళ్తే గుడ్ల లెక్కలోనే కనిపిస్తుంది. పాత ప్యానెల్ రోజుల్లో ఈ సంగతి అక్టోబరులో, ముద్దలు ముద్దలుగా కింద గేటుకు అడ్డం పడ్డాక తెలిసేది.

ఆ కేబుళ్లతోనే ఒక వింత. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న ఒక రాత్రి, ఒకేసారి పది చోట్ల 85 డిగ్రీలు అని ఎర్రగా వచ్చింది. సైలో అంటుకుందనుకుని పరుగెత్తాం. రేకు చేత్తో తాకితే చల్లగా ఉంది. అందులోని డిజిటల్ చిప్‌కి కరెంటు వచ్చి, ఇంకా వేడి కొలవకముందే అడిగితే 85 అని చెప్పడం అలవాటట. అది తెలిసినవాళ్లకు తెలిసిన విషయమే, ప్రోగ్రాంలో ముందే వడకట్టాలి. వీళ్లు వడకట్టలేదు. ఫోన్ చేస్తే మర్నాడు సరిచేశారు. ఆ రాత్రి మా వాచ్‌మెన్ చదివిన ఆంజనేయ దండకానికి మాత్రం ఎవరూ బిల్లు వేయలేదు.

సైలోల్లోకి గాలి ఊదే ఫ్యాన్ల విషయంలో మేం ఇన్నేళ్లూ తప్పు చేశామని ఒప్పుకోవాలి. సాయంత్రం ఆరింటికి వేసి పదింటికి ఆపేవాళ్లం, చల్లగాలి కదా అని. మా గోదావరి వైపు చీకటి పడితే గాలిలో తేమ ఎక్కుతుంది. గాలి తేమ 70 శాతం దగ్గరుంటే మొక్కజొన్నలో తేమ 13 శాతం దగ్గర నిలబడుతుంది. 80 దాటిన గాలిని నాలుగు గంటలు ఊదితే మనమే గింజకు నీళ్లు తాగిస్తున్నట్టు. ఇప్పుడు బయట ఒక చిన్న డబ్బాలో సెన్సర్ ఉంది. గాలి తేమ 70 కంటే తక్కువుండి, గింజ కంటే ఐదు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఫ్యాన్లు తిరుగుతాయి. జులైలో వారమంతా కలిపి కొన్ని గంటలే తిరిగాయి. మొదట్లో ఫ్యాన్లు చెడిపోయాయేమోనని మా ఓనరు గారు రెండుసార్లు అడిగారు.

నాకు అన్నిటికంటే కోపం వచ్చింది మందు పెట్టినప్పుడు. ముక్కు పురుగుకు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టిస్తాం, లైసెన్సున్నవాళ్లను పిలిచే. అందులోంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు రాగిని తినేస్తుంది. ధాన్యం ప్లాంట్లలో పనిచేసిన ఏ ఎలక్ట్రీషియన్‌నైనా అడగండి, నల్లబడ్డ కాంటాక్టులు చూపిస్తాడు. సర్వే రోజే వాళ్లకు చెప్పాను. అయినా సైలోల కింద టన్నెల్‌లో ఒక జంక్షన్ బాక్సుకు కేబుల్ వెళ్లే రంధ్రాలు సీలు చేయకుండా వదిలేశారు. మొదటిసారి మందు పెట్టిన రెండు నెలలకు అందులోని కార్డు పోయింది. విప్పి చూస్తే రాగి తీగలు మసి పూసినట్టున్నాయి. వారంటీలో ఉన్నా "వాడకం తప్పు" అని మొదలుపెట్టారు. సర్వే కాగితంలో నేను రాసింది చూపించాక కార్డు వాళ్లు ఇచ్చారు, రానూపోనూ ఖర్చులు మేం ఇచ్చాం. తర్వాత కేబుళ్లు లోపలికి వెళ్లే అన్ని గ్లాండ్లకూ సీలింగ్ చేశారు. స్క్రీన్ మీద మందు మోడ్ అని ఒకటి పెట్టించాను. అది నొక్కితే ఆ సైలో ఫ్యాన్లు, గేట్లు అన్నీ తాళం పడతాయి, తాళం తీయాలంటే నా పాస్‌వర్డ్ కావాలి. ఈ మందు మోడ్ మాత్రం బంగారం.

పాత పుష్ బటన్లు తీసేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. ప్రతి మోటారు దగ్గర లోకల్, రిమోట్ సెలెక్టర్ (అక్కడే చేత్తో నడపాలా, ప్యానెల్ నుంచా అని ఎంచుకునే స్విచ్) ఉంచాం. పీఎల్‌సీ మొత్తం పోయినా చేత్తో లైను నడపగలం, పైగా స్పీడు సెన్సర్, ఎమర్జెన్సీ స్టాప్ అప్పుడూ పనిచేస్తాయి, ఎందుకంటే వాటి వైరింగ్ ప్రోగ్రాం మీద ఆధారపడకుండా వేరుగా వేయించాం. డిసెంబరులో ఒక పవర్ సప్లై పోయి పీఎల్‌సీ ఆరు గంటలు పడుకుంది. కోళ్లకు తెలియలేదు.

ఫోన్లో చూసే సదుపాయం ఇచ్చారు. మా ఓనరు గారబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ వాళ్లకు మధ్యాహ్నమైతే ఇక్కడ మాకు నిద్ర. "అంకుల్, రెండో సైలో గ్రాఫ్ ఎందుకు వంకరగా ఉంది?" అని అర్ధరాత్రి మెసేజ్. చూడటం వరకే అనుమతి ఉంది. అక్కడి నుంచి స్టార్ట్ చేసే వీలు కూడా ఇవ్వమని అడిగాడు, ఇవ్వలేదు. కింద గేటు తెరిచి గింజ కదులుతుంటే లోపలున్న మనిషి మునిగిపోవడానికి అర నిమిషం చాలు. ఎవరైనా లోపల ఉన్నారో లేదో డల్లాస్‌లో తెలియదు. సైలోలోకి మనిషి దిగాలంటే ఆ లైను మెయిన్‌కి తాళం వేసి, తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉండాలి.

ప్రోగ్రాం కాపీ, పాస్‌వర్డు, మారిన డ్రాయింగులు ఇస్తేనే చివరి పది శాతం అని ఒప్పందంలో ఉంది. ఇది రాయించుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకుంటాను. పని అయ్యాక పాస్‌వర్డు "కంపెనీ పాలసీ" అని నాలుగు నెలలు నానబెట్టారు. మేమూ డబ్బు నానబెట్టాం. ఐదో నెల పెన్‌డ్రైవ్ వచ్చింది. దాన్ని తెరిచి, ప్యానెల్‌లో ఉన్నదీ అందులో ఉన్నదీ ఒకటేనని వేరే మనిషితో సరిచూపించాకే చెక్కు ఇచ్చాం.

మార్కులు వేయమంటే సర్వేకీ, సెన్సర్లకూ, ఆ అమ్మాయి ఓపికకూ ఐదుకు ఐదు. చెప్పిన టైముకు రెండు. వారంటీ మాటలకు రెండున్నర. మళ్లీ పిలుస్తారా అంటే, పిలుస్తాను, ఒప్పందం ఇంకో రెండు పేజీలు పెంచి.

ఈ రబీలో స్పీడు సెన్సర్ మూడుసార్లు లైను ఆపింది. రెండుసార్లు బూట్‌లో గోనె పట్టా ముక్క ఇరుక్కుంది, ఒకసారి బెల్టు నిజంగానే వదులైంది. మూడుసార్లూ వాసన రాకముందే ఆగింది. అయినా బాబాయ్ ప్రతి షిఫ్టులో వెళ్లి లెగ్ మీద అరచెయ్యి పెట్టి వస్తూనే ఉన్నాడు, నేను వద్దనలేదు. ఇక కాటాను కూడా ఈ సిస్టమ్‌కి కలిపితే లారీ బరువూ తేమా నేరుగా లెక్కలోకి వెళ్తాయట, ఇంకో నాలుగు లక్షలు అంటున్నారు. సంక్రాంతి వెళ్లాక మాట్లాడదామన్నాం.